డాలియా దుంపల పంపకం

టై ఏమిటమ్మా? మొక్కకి టై కట్టడమేమిటి? ఇంట్లో పురికొస దొరకలేదా నీకు? అది మా మరిది మీ పెళ్ళినాడు కట్టుకున్నది, నీలం చారలది, నాకు బాగా గుర్తుంది. ఆ రోజు వాడికి ఆ ముడి వేసింది నేనే. ఇప్పుడు దాన్ని తీసుకొచ్చి డాలియా మెడకి వేశావు. బాగుంది సంబడం.

నవ్వకు. నేను నవ్వడానికి రాలేదు.

కుర్చీ వద్దు, నిలబడే మాట్లాడతాను. అయినా ఈ వెనక జాగాలో కుర్చీ వేసుకునే చోటెక్కడుంది? ఒక పక్క బట్టలారేసే తీగ, ఇంకో పక్క పాడైపోయిన జిరాక్స్ మిషను, దాని మీద పిల్లి. ముందు గదిలో కొట్టు పెట్టుకున్నారు, కొట్టులో పనికిరానివన్నీ తెచ్చి ఇక్కడ పడేసుకున్నారు. వాటి మధ్యలో ఇది. గోడ వారన మూడడుగుల మట్టిలో నా భుజం దాటి పెరిగింది. సిగ్గు లేకుండా ఎన్ని పూలు పూసిందో చూడు.

మంచినీళ్ళు కూడా వద్దు. వచ్చిన పని చెప్తాను, విను.

మామగారు నా ఇంట్లోంచి లేచొచ్చి నీ ఇంట్లో ఉంటానంటున్నారు. తెలియనట్టు మొహం పెట్టకు. మొన్న మా మరిది ఆయనతో అరగంట ఫోన్‌లో మాట్లాడాడు, తలుపు అవతల నేనున్నాను. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ, ఇరవై రెండేళ్ళు, ఆయన తిన్నది నా చేతి తిండి. అత్తగారు పోయాక ఈ ఏడాదిగా ఆయన కళ్ళజోడు ఎక్కడుందో, చెప్పులు ఎక్కడున్నాయో వెతికిపెడుతున్నదాన్ని నేను. అలాంటి మనిషి ఇవాళ సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. రేపు పొద్దున్న దింపమని మీ బావగారితో చెప్పేశారు కూడా.

నువ్వు చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఫోన్ చేసి, "మామగారూ, మా ఇల్లు ఇరుకు, కొట్టు పని, మాకు వీలుపడదు" అని చెప్పు. అంతే. నేను ఆరింటి బస్సెక్కి వెళ్ళిపోతాను.

ఆలోచిస్తావేం? ఇందులో ఆలోచించడానికేముంది?

పెద్దాయన్ని చూసుకోవడమంటే కాగితం పెట్టి మీట నొక్కడం కాదమ్మాయ్. నీకు మొక్కని చూసుకోవడమే రాదు, ఇక మనిషినేం చూస్తావు? అడుగుతాను చెప్పు. కర్ర ఎప్పుడు పాతావు? మొక్క వంగిపోయాకా? దుంప పెట్టిన రోజే పాతాలి, దుంప కంటే ముందు పాతాలి. తర్వాత పాతితే ఎక్కడ దుంపలో దిగుతుందో ఎవరికి తెలుసు? నాలుగు జతల ఆకులు వెయ్యగానే నెత్తిన చిగురు గిల్లావా? గిల్లలేదు. గిల్లితే పక్కలకి కొమ్మలేసి గుబురుగా ఉండేది. ఇది చూడు, కరెంటు స్తంభంలా నిలబడింది.

మొగ్గలు చూడు. కొమ్మ చివర మూడొస్తాయి, నడిమిది ఉంచి పక్కవి రెండూ తీసెయ్యాలి. అప్పుడే పువ్వు భోజనం పళ్ళెమంత అవుతుంది. నువ్వు అన్నీ ఉంచేశావు. పాపం అనిపించిందా? మొగ్గని చూసి పాపం అనుకునేదానివి మొక్కలు పెంచడమెందుకు?

ఈ ఆకులేమిటి, ఇన్ని చిల్లులు? నత్తలు. తెల్లారకముందే లేచి వాటిని ఏరి ఉప్పునీళ్ళ డబ్బాలో వెయ్యాలి. అత్తగారు వేసేది. నువ్వేం చేస్తున్నావు? ఏమిటీ, అట్టముక్క మీదకి ఎక్కించి గోడ అవతల వదిలేస్తున్నావా? గోడ అవతల నుంచి మళ్ళీ రాలేవనుకున్నావా? వాటికి దారి తెలుసమ్మా. నీ ఇల్లు అన్నసత్రం అని ఈపాటికి వీధిలో నత్తలన్నిటికీ తెలిసి ఉంటుంది.

ఆ కత్తెర ఇలా ఇయ్యి. వాడిన పూలు కొయ్యడం కూడా నేనే చెప్పాలి. రాబోయే మొగ్గకీ, అయిపోయిన పువ్వుకీ తేడా తెలుసా? గుండ్రంగా గట్టిగా ఉంటే మొగ్గ. మొన తేలి మెత్తగా ఉంటే పని అయిపోయింది. ఇదిగో, ఇదీ, ఇదీ, అదీ. ఇవి ఇలాగే ఉంచితే గింజ కడతాయి, గింజ కడితే మొక్క ఇక చాల్లే అనుకుంటుంది.

ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చెయ్యలేదు. అయినా పూసింది. అదే నాకు ఒళ్ళు మంట.

రంగు మాత్రం అదే. కాల్చిన ఇటుక రంగు, రేకుల కొసల్లో పసుపు. ఇంకెవరింట్లోనూ చూడలేదు ఈ రంగు. అత్తగారికి డిపోలో ఎవరో డ్రైవరు భార్య ఒక దుంప ఇచ్చిందట, మామగారు బస్సు డిపోలో మెకానిక్కుగా చేరిన కొత్తలో. నలభై ఏళ్ళు తవ్వడం, ఆరబెట్టడం, రంపపు పొట్టులో దాచడం, మళ్ళీ నాటడం. కొడుకుల పుట్టినరోజులు మర్చిపోయింది గాని ఆ దుంపలు పైకి తీసే రోజు మర్చిపోలేదు.

నన్ను మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. నీకు తెలీదేమో, ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా నా చేతికి ఆ పార ఇవ్వలేదు. "నీకు తొందరెక్కువ, నువ్వు వంటింట్లో చూసుకో" అనేది. సరే, చూసుకున్నాను. వంటింటి కిటికీలోంచి అన్నీ చూశాను. కర్ర ఎప్పుడు పాతుతుందో, ఎక్కడ గిల్లుతుందో, ఎన్ని రోజులు నీళ్ళు పొయ్యకుండా ఉంటుందో, అన్నీ. చూసి నేర్చుకున్నాను. ఒకరు చెప్పాలా నాకు?

నువ్వేమో ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చేదానివి. రాగానే, "చిన్నమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో" అని పీట వేసేది. నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతురాల్లా వినేదానివి. నాకు ఆ కిటికీలోంచి మీ ఇద్దరి వీపులు కనపడేవి. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఎవరూ లేచేవారు కాదు.

ఎవరో పిలుస్తున్నారు, కొట్టు దగ్గర. వెళ్ళు. నేనెక్కడికీ పోను. వెళ్ళవమ్మా, గుర్తింపు కార్డు కాపీ అంటున్నాడు, పాపం ఆఫీసు మూసేస్తారేమో.

...

అయిందా? ఎన్ని కాపీలు? రెండు. రెండు కాపీలకి ఇంతసేపు, పైగా కార్డు వంకరగా వచ్చిందని మళ్ళీ తీశావు, వినపడింది. సరే.

నువ్వు వెళ్ళినప్పుడు ఈ కిటికీలోంచి లోపలికి చూశాను. చూడకూడదా? తెరిచి ఉంది, చూశాను. ఆ గది కాగితాల కట్టలు పెట్టుకునే గది కదా? కట్టలన్నీ ఏవి? మంచం ఎవరికి వేశావు?

ఓహో. అంతవరకూ వచ్చిందన్నమాట. నేనిక్కడ అరగంట నుంచి గొంతు చించుకుంటున్నాను, నువ్వు ఊఁ కొడుతున్నావు, లోపల మంచం వేసేసి, దుప్పటి పరిచేసి, దిండ్లు రెండు పెట్టేసి ఉంచావు. రెండు దిండ్లు కావాలని ఎవరు చెప్పారు నీకు? ఆయనే చెప్పారా? నాతో ఒకటి చాలంటారు. నేనే అడగకుండా రెండోది పెడతాను.

మంచం కాళ్ళ వైపు కిటికీ వచ్చేలా వేశావు. కళ్ళు తెరవగానే పువ్వు కనపడాలనా? ఎంత తెలివి. నోట్లో నాలుక లేనిదానివనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంత పని ఒక్క మాట మాట్లాడకుండా చేశావు.

నేను అరవడం లేదు. నా గొంతే అంత.

సరే, నీకు పూర్తిగా తెలియాలి. ఆయన నీ మీద ప్రేమతో వస్తున్నారనుకుంటున్నావేమో, ఆ భ్రమ పెట్టుకోకు. ఆయన ఈ పువ్వు కోసం వస్తున్నారు. అత్తగారు మొగ్గలు గిల్లుతూ కూర్చున్నప్పుడే మాట్లాడేదట, మిగతా రోజంతా పని. ఈయన పక్కన కుర్చీ వేసుకుని గిల్లిన మొగ్గలు డబ్బాలో వేసేవారు. డిపోలో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున్న పావుగంట, అది మానేశాక రెండేసి గంటలు. ఆవిడ పోయాక కూడా ఆయన పొద్దున్నే కుర్చీ పట్టుకెళ్ళి నా పెరట్లో ఆ మడి ముందు కూర్చోవడం మానలేదు. అప్పటికి మడిలో నేను నాటిన దుంపల మీద మట్టి తప్ప ఏమీ లేదు. "ఇంకా రాలేదా పెద్దమ్మాయ్?" అనేవారు. "వస్తుంది మామగారూ, మట్టి ఇంకా చల్లగా ఉంది" అనేదాన్ని.

నెల అయింది. రెండు నెలలయింది. మట్టి వేడెక్కింది, నేనూ వేడెక్కాను. ఆయన మాత్రం రోజూ కుర్చీ వేసుకుని మట్టిని చూస్తూ కూర్చునేవారు. ఇరుగుపొరుగు వాళ్ళు గోడ మీంచి, ఏం చూస్తున్నారు తాతగారూ అని అడిగేవారు. నాకు తల తీసేసినట్టుండేది.

నేను తప్పేం చెయ్యలేదు తెలుసా? మట్టి జల్లెడ పట్టాను. గులకరాయన్నది లేదు. పాత ఎరువు కలిపాను. కర్ర ముందే పాతాను, దానికి ఆకుపచ్చ రంగు వేశాను. మొలకొచ్చేదాకా చుక్క నీళ్ళు పొయ్యలేదు, కుళ్ళిపోతుందని. పేరు రాసిన పలక గుచ్చాను. అంత శుభ్రంగా ఉన్న మడి ఈ ఊళ్ళో ఇంకోటి ఉండదు. అందులో మొలవడానికి ఏం రోగం?

చివరికి నర్సరీకి వెళ్ళి, ఇంచుమించు ఇదే రంగు మొక్క, మొగ్గతో ఉన్నది కొనుక్కొచ్చాను. ఆయన నిద్ర లేవకముందే మడిలో పెట్టేశాను. మట్టి సర్ది, రెండు ఆకులు మీద పడేసి, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు చేశాను. ఆయన వచ్చారు, కుర్చీ వేసుకున్నారు, చాలాసేపు చూశారు. వంగి ఒక ఆకు తిప్పి చూశారు. "ఇది మీ అత్తగారిది కాదమ్మా. దాని ఈనెలు వెనక ఎర్రగా ఉంటాయి" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుర్చీ మడిచి లోపల పెట్టేశారు.

ఆ వారమే మీ ఆయన వచ్చాడు, మహానుభావుడు, ఫోన్ పట్టుకుని. "నాన్నా, చూడు, మా ఇంట్లో అమ్మ పువ్వు పూసింది" అని. చూపించకపోతే ఏం పోయింది వాడికి? ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టుకుని చూశారు. తర్వాత నా వైపు తిరిగి, అక్కడ వచ్చింది కదా, ఇక్కడెందుకు రాలేదు అన్నారు.

నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో తర్వాత.

ఇప్పుడెక్కడికి వెళ్తున్నావు? నేను మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం అత్తగారే నేర్పిందా? ... ఏం తెస్తున్నావది? కుండీనా? జాగ్రత్త, పిల్లి కాళ్ళకి అడ్డం పడుతుంది.

ఇది అదే కదా. ఆకు తిప్పు. ఎర్రగానే ఉంది ఈనె.

ఎప్పుడు పెట్టావు? మొదట్లో మూడు పిలకలొస్తే ఒకటి కోసి ఇసుకలో గుచ్చావా? నా కోసమా? నాకు రాలేదని అప్పటికి నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అయితే నాకు రాదని నీకు ముందే తెలుసు.

తెలుసు. ఆ రోజే తెలుసు నీకు.

కింద పెట్టు దాన్ని, పడేస్తావు.

సరే. ఇక్కడ మన ఇద్దరమే ఉన్నాం, పిల్లికి మాటలు రావు. అత్తగారి దుంపల పంపకం చేసింది నేను. నువ్వూ ఉన్నావు గాని కత్తి నా చేతిలో ఉంది. అత్తగారు పోయేముందు రెండిళ్ళకీ పంచుకోమంది, దుంపల గుత్తిని విడదియ్యకుండా పెట్టె అడుగున పెట్టి పోయింది. వరండాలో పాత పేపరు పరిచి, పొట్టు దులిపి, గుత్తి మధ్యలో పెట్టాను. పెద్ద కోడల్ని నేను. ఆవిడ పోయాక ఇక నన్ను వంటింట్లోకి పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు.

కిటికీలోంచి అన్నీ చూశానన్నాను కదా. దుంపలు కొయ్యడం మాత్రం చూడలేదు. ఆవిడ అది లోపల గదిలో చేసేది, వెలుతురు బాగుంటుందని. నువ్వు ఆ గదిలో కూర్చున్నావు. నేను కూర్చోలేదు.

పైగా, నేను పనిచేసే స్కూల్లో స్టోరు తాళాలు ఇన్నేళ్ళుగా నా దగ్గరున్నాయి. బంతుల పెట్టె వచ్చినా, డస్టర్ల పెట్టె వచ్చినా, చేత్తో తూచి మంచిదేదో, నాసిదేదో చెప్పేస్తాను. హెడ్మాస్టరు కూడా నన్నే అడుగుతాడు. దుంపలు చూశాను. ఏడున్నాయి లావుగా, నునుపుగా, చిలగడదుంపల్లా బరువుగా. వాటి మధ్యలో పాత కాడ మొద్దు, ఎండిపోయి, ముడతలు పడి, దానికి అంటుకుని ఎలకతోకల్లాంటివి నాలుగైదు. ఏది ఎవరికని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లావువన్నీ మెడ దగ్గర శుభ్రంగా కోసి నా బుట్టలో వేసుకున్నాను. ఆ మొద్దూ, తోకలూ పేపరులో చుట్టి నీకిచ్చాను.

చెత్త అని తెలిసే ఇచ్చాను. అదే చెప్తున్నాను నీకు. పొరపాటున జరగలేదు. నీకు రాకూడదనే ఇచ్చాను. నువ్వు నోరు మూసుకుని తీసుకుపోయి, నాటి, ఏమీ రాక, నా గుమ్మంలోకొచ్చి "అక్కా, ఒక మొక్క ఇయ్యవా" అని అడగాలి. అప్పుడు నేను కాస్త బెట్టు చేసి ఇవ్వాలి. ఎన్నిసార్లు ఆ మాటలు మనసులో అనుకున్నానో. ఏ చీటీ రాసి కుండీకి కట్టాలో కూడా అనుకున్నాను.

మొన్న మడి తవ్వాను. ఏడు దుంపలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కుళ్ళలేదు, ఎండలేదు. వేళ్ళు కూడా వేశాయి, నమ్ముతావా? మొలక మాత్రం లేదు. నర్సరీ ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒకటి చేతిలో తిప్పి చూసి నవ్వాడు. "వీటికి కన్ను లేదమ్మా. కన్ను పాత కాడ మొదట్లో ఉంటుంది, ఆ మొద్దు ముక్క అంటుకుని లేకపోతే ఇవి వందేళ్ళున్నా మొలవవు. లావు చూసి ఏరుకున్నారా?" అన్నాడు. అక్కడున్న నలుగురూ విన్నారు. నేను ఎవరో ఇచ్చారని చెప్పి వచ్చేశాను.

అంటే పంటంతా నీ పేపరు పొట్లంలో పెట్టి నా చేత్తో నీకిచ్చాను. మంచిగుణంతో ఇస్తే నాకు దణ్ణం పెట్టేవాళ్ళు.

ఏమీ అనకు. నువ్వు ఆ రోజు అన్నది నాకు గుర్తుంది. మర్చిపోయాననుకుంటున్నావా? కత్తి పెట్టబోతుంటే, "అక్కా, ఆ మొద్దుని నిలువునా చీల్చి సగం నువ్వు తీసుకో" అన్నావు. గొంతు కూడా పెంచలేదు. నేనేమన్నాను? "నాకు నువ్వు నేర్పక్కర్లేదు" అన్నాను. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చున్న నోటితో చెప్పావు కాబట్టి వినలేదు. వేరే ఎవరు చెప్పినా వినేదాన్నేమో. నువ్వు ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. గట్టిగా చెప్పి ఉండాల్సింది. నీకు గట్టిగా చెప్పడం ఎప్పుడొచ్చింది గనక?

ఆ కుండీ నా వైపు జరపకు. వద్దు.

ఎందుకు వద్దంటే, విను. పట్టుకెళ్ళి మడిలో పెడితే ఆయన ఆకు తిప్పి చూస్తారు, ఎర్రగా ఉంటుంది, సంచి విప్పేసి కుర్చీ వేసుకుంటారు. నాకు తెలుసు. నేను బస్సెక్కి వచ్చింది అందుకే కదా, ఆయన నా ఇంట్లోనే ఉండాలని. నువ్వు వద్దని ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు. ఈ కుండీ చాలు. మొగ్గ కూడా ఉంది, ఎంచక్కా గుండ్రంగా.

కానీ ఎవరిచ్చారని అడుగుతారు.

ఆ రోజు ఆయన నన్ను అడిగారన్నాను కదా, అక్కడొచ్చింది, ఇక్కడెందుకు రాలేదని. నేనేం చెప్పానో తెలుసా? "పంపకం రోజున మంచివన్నీ చిన్నది ఏరుకుని పట్టుకుపోయింది మామగారూ, మనకి చచ్చు దుంపలు మిగిల్చింది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా. అనేశాక పర్లేదులే, ఆయన నిన్ను అడగరు, నువ్వు చెప్పవు అనుకున్నాను.

అలా చూడకు. చూస్తే ఏదో ఒకటి అను. అనవు. నీతో ఇదే బాధ.

 ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. నీ మీద కోపం వచ్చిందనుకుని లోపల సంతోషపడ్డాను కూడా. మూడో రోజు చొక్కాలు మడత పెట్టుకుంటూ కనిపించారు. ఏమిటి మామగారూ అంటే, "చిన్నమ్మాయి అలా చేస్తుందనుకోలేదు. సర్లే, చేసింది. మీ అత్తగారు ఆ పువ్వులో అక్కడ ఉంది కదా, నేనూ అక్కడికే పోతాను" అన్నారు. నువ్వు దొంగవని నమ్మారు. నమ్మి కూడా నీ ఇంటికే వస్తానన్నారు.

ఇప్పుడు నేను ఈ కుండీ పట్టుకెళ్ళాలంటే నిజం చెప్పాలి. చిన్నది ఇచ్చిందని చెప్తే, దొంగ ఎందుకిచ్చింది అంటారు. ఆయన మెకానిక్కు, శబ్దం విని ఇంజన్‌లో ఎక్కడ తేడా ఉందో పట్టేసేవారు. నా గొంతు విని పట్టలేరా?

నర్సరీ నుంచి తెచ్చానని చెప్పమంటావా? నువ్వా, అబద్ధం నేర్పుతున్నావా నాకు? నా దగ్గర చాలా ఉన్నాయమ్మా. ఈ రంగు ఏ నర్సరీలోనూ లేదని ఆయనకి నాకంటే బాగా తెలుసు.

నువ్వే వచ్చి చెప్తావా? ఏం చెప్తావు, పెద్దక్కది పొరపాటు అని, చూసుకోలేదని? నాకు నీ దయ అక్కర్లేదు. దొంగగానే ఉంటాను గాని నన్ను నువ్వు వెనకేసుకొస్తే ఒప్పుకోను.

చీకటి పడకముందే పోతాను. ఆరింటి బస్సు తప్పితే మళ్ళీ గంట. రాసుకో. పొద్దున్న తెల్ల మాత్ర తిండికి ముందు, సగం ముక్క గులాబీది తర్వాత. మాత్ర సగం చెయ్యడానికి కత్తి వాడకు, పొడైపోతుంది, గోటితో విరువు. స్నానానికి నీళ్ళు వేడిగా వద్దంటారు, కావాలి. చెవి ఎడమది వినపడదు, వినపడుతున్నట్టు తలూపుతారు, నమ్మకు. తడి నేల మీద ఒక్కరినీ నడవనివ్వకు. కుర్చీ మడత పెట్టేది ఆయన పంపిస్తారు, అది తప్ప వేరేది వెయ్యకు. మొగ్గలు గిల్లేటప్పుడు ఆయన చేతికి డబ్బా ఇయ్యి. గిల్లు. ఇప్పటికైనా పక్క మొగ్గలు గిల్లడం నేర్చుకో.

మొదట్లో నీతో సరిగ్గా మాట్లాడరు. నీ చేతి తిండి తింటూ మొహం పక్కకి తిప్పుకుంటారు. ఎందుకో నీకు తెలుసు, అడక్కు. ఓర్చుకో. ఓర్చుకోవడం నీకు బాగా వచ్చు, ఆ ఒక్క విద్య నిజంగానే వచ్చు.

చెప్పను, ఆయనకి చెప్పను. మళ్ళీ మళ్ళీ అడగకు. చెప్పాలనే అనుకుని నిన్న ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. చొక్కాలు మడత పెడుతూ తలెత్తి, "ఏం పెద్దమ్మాయ్" అన్నారు. సబ్బు కావాలా అని అడిగి వచ్చేశాను.

ఒక్కటి చెప్పు. నువ్వు దొంగవని నమ్మి కూడా సంచి సర్దుకుని నీ దగ్గరికి బయల్దేరారు. దొంగ నేనని తెలిస్తే, ఏ పువ్వు ఉంటే మాత్రం, నా దగ్గరికి వస్తారా?

ఊఁ. నువ్వు కూడా వస్తారని అనలేదు చూడు.